పేరు పెట్టని చెయ్యి

మామయ్య గుడ్డసంచిని మేనకోడలి పనిబల్ల మీద పెట్టి, "దీన్ని ఇంకెవరికైనా ఇచ్చెయ్యి" అన్న చోట పోయిన వారం ఆగిపోయాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళతాను. మామయ్య బైండింగు పనివాడు. కాగితాలు కోసే యంత్రంలో ఆయన కుడిచెయ్యి మణికట్టు పైదాకా పోయింది. తల్లి పోయిన మేనకోడలిని సొంత కూతురితో సమానంగా, ఒకే కంచంలో పెట్టి పెంచాడు. ఆ పిల్లే ఇప్పుడు బ్యాటరీతో నడిచే చేతులు అమర్చే దుకాణంలో పనిచేస్తోంది. వీధిలో అందరూ ఆమెను చేతులమ్మాయి అంటారు. మామయ్యకు చెయ్యి అమర్చింది ఆమే. రెండు నెలల కిందట ఆయన కూతురు, పక్క ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగమని బయలుదేరింది. బస్టాండులో ఆయన ఆ చేత్తోనే కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకి ఆమె వేళ్ళు రెండు విరిగాయి. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని ఆ సాయంత్రం బస్సుకే ఆమె వెళ్ళిపోయింది. మరదలైన ఈ చేతులమ్మాయికి అప్పుడప్పుడు 'బాగున్నా' అని ఫోనులో ఒక ముక్క పంపుతుంది. తండ్రితో మాత్రం మాటల్లేవు.

సంచిలో పాత తువ్వాలు, తువ్వాల్లో చెయ్యి. పసిపిల్లను చుట్టినట్టు చుట్టి తెచ్చాడు. చేతులమ్మాయి మడతలు విప్పుతుంటే ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. చొక్కా కుడిచెయ్యి కొసను లోపలికి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. ఒక్క చేత్తో పెట్టుకున్న పిన్నీసు కదా, వంకరగా ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నాళ్ళూ ఆ పిన్నీసును రోజూ చూస్తూనే ఉంది ఆమె. చెయ్యి ఎందుకు తొడుక్కోవడం లేదని అడిగితే చర్మం దద్దుర్లెక్కుతోందన్నాడు. అబద్ధమని తెలిసినా ఊరుకుంది. ఊరుకోవడం ఆ ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే.

మధ్యాహ్నం వేళ. వెనకగదిలో ఆమె, మామయ్య ఇద్దరే ఉన్నారు. చెక్కగోడకు అవతల ముందుగదిలో దుకాణం నడిపే పెద్దావిడ భోజనం ముగించి గిన్నె కడుక్కుంటోంది. బల్ల చుట్టూ ప్లాస్టరు పొడి, జిగురు వాసన. గోడకు కొట్టిన మేకులకు, మొండిచేతికి తొడిగే గిన్నెలు వరసగా వేలాడుతున్నాయి. ఇంకా వేళ్ళు బిగించని చెయ్యి ఒకటి డబ్బాలో నుంచి ఎవరినో పిలుస్తున్నట్టు బయటికి చాచి ఉంది.

ఆమె మామయ్య చేతికి బ్యాటరీ పెట్టి మీట నొక్కింది. తన ఫోను తీసి, దగ్గర్లో ఉన్న చేతుల్ని వెతకమని దానికి చెప్పింది. ఈ చేతుల్లో అరచేతి లోపల చిన్న బోర్డు ఒకటి ఉంటుంది. దానికీ ఫోనుకీ మధ్య తీగ ఉండదు, బ్లూటూతే. ఫోను అడుగుతుంది, చెయ్యి జవాబు చెబుతుంది. పట్టు ఎంత గట్టిగా ఉండాలి, కండ ఎంత కదిలితే వేళ్ళు మూసుకోవాలి, మూసుకున్నాక ఎప్పుడు వదలాలి అన్నవన్నీ ఫోనులో దిద్ది పంపితే చెయ్యి లోపల రాసుకుంటుంది. మళ్ళీ ఎవరైనా దిద్దేదాకా అవే దానికి వేదం.

ఫోను తెరమీద ఒక వరస వచ్చింది. 'కుడిచెయ్యి'.

ఫ్యాక్టరీ నుంచి దిగిన ప్రతి కుడిచేతికీ ఆ పేరే ఉంటుంది. దుకాణంలో చెయ్యి అడుగుపెట్టగానే చేసే మొదటి పని దానికి మనిషి పేరు పెట్టడం. 'పోస్టాయన', 'వంటావిడ', 'తోటమాలి' అని. పేరు పెట్టందే పెద్దావిడ పని మొదలుపెట్టనివ్వదు. ఊళ్ళోవాళ్ళ చేతులన్నిటికీ చేతులమ్మాయి పేర్లు పెట్టింది. మామయ్య చేతికి పెట్టలేదు. ఇంటి చేతికి పేరెందుకు అనుకుంది. మన పిల్లల చొక్కాలకు గుర్తులు కుట్టుకోం కదా, అలాగే.

దాన్ని నొక్కింది. చేతి మణికట్టు దగ్గర నీలం దీపం వెలిగింది, జత కుదిరిందని. లోపల ఉన్నవి చదివి పంపమంది. అంకెలు ఒక్కొక్కటే తెరమీదికి దిగుతున్నాయి.

అవి మామయ్య అంకెలు కావు.

ఆయనకు పెట్టిన పట్టు మెత్తనిది. కాగితం పట్టుకుంటే నలగకూడదు, టీ కప్పు పట్టుకుంటే జారకూడదు, అంతే. ఆ అంకెలు ఆమెకు కంఠతా వచ్చు. ఎన్ని సాయంత్రాలు కూర్చుని ఆయనతో కప్పు పట్టించి, దించించి, మళ్ళీ పట్టించిందో. ఇక్కడ తెరమీద ఉన్నది మూటల పట్టు. కండ చీమంత కదిలినా వేళ్ళు పూర్తిగా బిగుసుకుంటాయి. ఒకసారి బిగిశాక, గట్టిగా విదిలిస్తే తప్ప వదలవు. మూట మోసేవాడికి అదే కావాలి. మెట్లమీద చెయ్యి వదిలితే మనిషి మీదే మూట పడుతుంది.

అది గోడౌన్ హమాలీ చెయ్యి కోసం ఆమె స్వయంగా దిద్దిన పట్టు.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ రోజు మొత్తం కళ్ళముందు పరుచుకుంది. హమాలీ డ్యూటీకి వేళయిపోతోందని తొందరపెడుతున్నాడు. అతని చెయ్యి బల్లమీద ఉంది. ముందుగదిలో మామయ్య, ఆయన కూతురు, అంటే ఆమెకు వదిన, వచ్చి కూర్చున్నారు, బస్సెక్కే ముందు కనిపించి పోదామని. మామయ్యకు ఊరికే కూర్చుంటే తన చేతి మీటను ఆపి, మళ్ళీ వేసే అలవాటు. మీట వేసిన ప్రతిసారీ ఆ చెయ్యి 'నేనున్నా' అని కాసేపు గాలిలోకి చెప్పుకుంటుంది. బ్లూటూత్‌కు చెక్కగోడ ఒక అడ్డా? అతని తొందరలో, ఎప్పుడూ మొదట చేసే ఆ పేరు పెట్టే పనిని తర్వాత చూద్దాంలే అని వదిలేసింది. అది కూడా అప్పటికి 'కుడిచెయ్యే'. వదిన వెళ్ళిపోతోందన్న దిగులుతో ఆమె కళ్ళు మసకబారి ఉన్నాయి. తెరమీద మొదట కనిపించిన 'కుడిచెయ్యి'ని నొక్కింది. అంకెలు పంపింది. భద్రమైందని ఫోను చెప్పింది.

కాని బల్లమీద చేతికి నీలం దీపం వెలగలేదు. దీపం పోయిందేమో అనుకుంది. తీరా చూస్తే పట్టూ మారలేదు. ఒక్కోసారి పంపింది చేరదులే అని మళ్ళీ పంపింది. ఈసారి చేరింది. హమాలీ చెయ్యి తొడుక్కుని, స్టూలును ఒంటిచేత్తో పైకెత్తి, నవ్వి వెళ్ళిపోయాడు.

మొదటిసారి పంపింది ఎక్కడికి పోయిందని ఆమె ఆ రోజు అడగలేదు. వెలగాల్సిన దీపం గోడ అవతల మామయ్య పొడుగుచేతుల చొక్కా కింద వెలిగింది.

పెద్దావిడ చీరకొంగుకు చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది. మామయ్యను పలకరించింది. "ఏమయ్యా, మా పిల్ల అందరికీ చేతులిస్తే నువ్వు దానికే చెయ్యిచ్చి పోతున్నావా" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆవిడ సర్దుకుని, పోనీలే, వద్దనుకున్నప్పుడు బలవంతం దేనికి అంది. లోపలున్నవన్నీ చెరిపేసి, ఫ్యాక్టరీ అంకెలు పెట్టి అల్మారాలో పెట్టమని చేతులమ్మాయికి చెప్పి వెళ్ళింది.

ఆవిడ మనసులో ఏమీ లేదు. కాని ఆ మాట చేతులమ్మాయికి తలుపు తెరిచినట్టయింది. ఫోనులో ఆ పని ఒక్క నొక్కు దూరంలో ఉంది. నొక్కింది కూడా. 'చేతిలో ఉన్నవి చెరిపి కొత్తవి రాయాలా?' అని ఫోను అడిగింది. అవును అంటే చాలు. హమాలీ అంకెలు ఈ చేతిలోకి ఎప్పుడూ రానట్టే. లోకంలో ఎవరికీ తెలియదు. పెద్దావిడ మొహంలోకి తలెత్తి చూడొచ్చు. వదినకు ఫోను చేసినప్పుడు గొంతు వణకదు. మామయ్యకు ఎలాగూ ఆ చెయ్యి వద్దు.

తేలు కుట్టిన దొంగలా ఆమె కదలకుండా కూర్చుంది. బొటనవేలు తెరకు ఆనలేదు, పక్కకు తొలగలేదు.

అప్పుడు మామయ్య, కిటికీ వైపే చూస్తూ, మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన ఎప్పుడూ అంతసేపు మాట్లాడినవాడు కాదు. కూతురు ఊరు మారతానన్న రోజు నుంచీ తనకు నిద్రలేదన్నాడు. పైకి వెళ్ళిరమ్మనే అన్నాడట. బస్టాండులో కూడా, వెళ్ళిరా తల్లీ అని చెప్పడానికే చెయ్యి పట్టుకున్నాడట. నోటితో వెళ్ళిరా అంటూనే ఉన్నాడు, వేళ్ళు బిగుసుకుంటూనే ఉన్నాయి. కూతురు కేకపెట్టింది. అందరూ మూగారు.

"నువ్వే కదమ్మా చెప్పావు" అన్నాడు ఇటు తిరిగి. "ఈ చెయ్యి తొడిగిన రోజు. మామయ్యా, ఇది కండను చదువుతుంది, నీ మనసు ఎటంటే చెయ్యి అటు అని. మనసులో ఏముందో దానికి తెలిసిపోయింది. నేను దాచుకున్నా అది దాచలేదు. పిల్లను పోనివ్వకూడదనుకున్నాను. కాలు విరగ్గొట్టి కూర్చోబెట్టే తండ్రుల గురించి విన్నాను. నేను వేళ్ళు విరగ్గొట్టాను, అంతే తేడా."

ఆమె చూపు ఆయన ఎడంచేతి మీదికి పోయింది.

తల్లి పోయిన రోజు ఆమెకు ఇంకా గుర్తుంది. తల్లి చెయ్యి పట్టుకుని వదలకపోతే, ఎందరు ఎన్ని చెప్పినా వినకపోతే, ఈ మామయ్యే పక్కన కూర్చుని ఒక్కొక్క వేలూ విప్పాడు. లాగలేదు. విప్పిన వేలినల్లా తన వేలికి చుట్టుకున్నాడు. చివరికి చూసుకుంటే ఆమె చెయ్యి ఆయన చేతిలో ఉంది. విడిపించడం అంత మెత్తగా తెలిసిన మనిషి, రెండు నెలలుగా తను రాక్షసుడిననుకుని బతుకుతున్నాడు.

'వద్దు' అని నొక్కింది. అంకెలు అలాగే ఉండిపోయాయి.

"మామయ్యా, నీ మనసు కాదు అది. నా వేలు."

మొత్తం చెప్పింది. పేరు పెట్టకపోవడం, చెక్కగోడ, రెండు కుడిచేతులు, వెలగని దీపం. చెబుతున్నకొద్దీ ఆయన ముఖంలో ఒక జాలి కనిపించింది. ఆమె ఎదురుచూసింది కోపాన్ని. ఆ జాలి చూసి భయం వేసింది. చివరంటా విని, ఆయన దగ్గరికొచ్చి ఎడంచెయ్యి ఆమె తలమీద పెట్టాడు.

"నువ్విలా చేస్తావని నాకు తెలుసు పిచ్చిదానా. అందుకే ఇన్నాళ్ళూ చెయ్యి నీకు చూపించలేదు. చిన్నప్పుడు కూడా అంతే, వదిన గిన్నె పగలగొడితే నేనే పగలగొట్టానని వచ్చేదానివి. నన్ను తేలిక చెయ్యడానికి నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకు."

నమ్మలేదు. నేరం ఒప్పుకుంటే శిక్ష పడుతుందనుకుంది గాని, నమ్మరని అనుకోలేదు. మంచిదన్న పేరు ఇలా కూడా అడ్డుపడుతుందా అనిపించింది. మామయ్యను కూర్చోబెట్టి తెర చూపించింది. అంకెలు ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు బల్లమీది దళసరి ప్లాస్టిక్ కప్పును ఆ చేతి వేళ్ళ మధ్య పెట్టి, ఫోను నుంచి మూసుకోమని పంపింది. తొడుక్కున్న మనిషి లేడు, కండ లేదు, మనసు లేదు. వేళ్ళు మూసుకున్నాయి. కప్పు టప్పున చిట్లి, నలిగి ముద్దయింది. తెరుచుకోమని మామూలుగా చెబితే చెయ్యి వినలేదు.

ఆ తర్వాత ఆయన పాత అంకెలు రాసి పంపింది. వేళ్ళు విడిచాక నలిగినదాన్ని తీసి, ఇంకో కప్పు పెట్టింది. వేళ్ళు వచ్చి, కప్పును తాకి, ఆగిపోయాయి.

మామయ్య ఆ రెండు కప్పులనూ చాలాసేపు చూశాడు. నలిగిన కప్పును ఎడంచేత్తో తీసుకుని తిప్పి చూశాడు. ఇక తిడతాడు, కనీసం ఏడుస్తాడు అని ఆమె ఎదురుచూస్తోంది. తిడితే బాగుండునని కూడా ఉంది.

"ఎర్రమీట సంగతేమిటి మరి?" అన్నాడు ఆయన.

ఆమెకు వెంటనే అందలేదు. తర్వాత అందింది. ప్రతి చేతికీ మణికట్టు లోపలివైపు ఎర్రమీట ఒకటుంటుంది. ఏ అంకెలున్నా, ఏ పట్టున్నా, రెండో చేత్తో దాన్ని నొక్కితే వేళ్ళు వదిలేస్తాయి. ఆపదలో పనికొచ్చేది అదొక్కటే. కళ్ళు మూసుకుని కూడా నొక్కగలిగేదాకా ఆయనతో సాధన చేయించింది ఆమే.

"బస్టాండులో నా ఎడంచేతిలో పిల్ల సంచి ఉంది" అన్నాడు ఆయన. "సంచి కింద పడేసి మీట నొక్కొచ్చు. ఎంతసేపు పని? పిల్ల కేకపెట్టింది. నాకు మీట గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చెప్పను, గుర్తొచ్చింది. అయినా సంచి వదల్లేదు. సంచి వదిలితే పిల్ల తీసుకుని వెళ్ళిపోతుందని. ఒక్క క్షణం, అంతే. తర్వాత వదిలాను. ఆ ఒక్క క్షణం నీ ఫోను రాసింది కాదమ్మా. నాదే."

వీడ్కోలు దగ్గర ప్రతివాళ్ళూ ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుంటారు. అందరి చేతులూ మెత్తనివి కాబట్టి ఎవరికీ తెలియదు. ఆ మాట ఆయనకు చెప్పాలనుకుంది చేతులమ్మాయి. కాని తన తప్పును ఆయన తప్పుతో కలిపి తేలిక చేసుకున్నట్టవుతుందని ఆగిపోయింది. బల్లకు ఇటొకరూ అటొకరూ, మధ్యలో ఆ చెయ్యి. ఎవరి వాటా ఎంతో పంచుకోవడం రాని అన్నదమ్ముల్లా కూర్చున్నారు.

చివరికి ఆయనే అన్నాడు, ఇదంతా మనం ఒకరికొకరం చెప్పుకుంటే ఏం లాభం, వేళ్ళు మనవి కావుగా అని. ఆ మాటతో ఆమె లేచి, ముందుగదిలోకి వెళ్ళి పెద్దావిడకు చెప్పాల్సింది చెప్పింది. ఆవిడ ముఖం మాడిపోయింది. రేపు పొద్దున మాట్లాడదాం, ఇవాళ ఆ మనిషిని చూసుకో అని మాత్రం అంది. వెనక్కి వచ్చి చేతులమ్మాయి వదినకు ఫోను చేసింది. ఇద్దరికీ వినపడేలా ఫోనును బల్లమీద పెట్టింది.

వదిన ఎత్తింది. పలకరింపు కాకముందే ఆమె మొదలుపెట్టి, ఆగితే మళ్ళీ చెప్పలేనని భయపడి, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. తరువాత మామయ్య ముందుకు వంగి ఎర్రమీట సంగతి చెప్పాడు. కూతురితో రెండు నెలల తర్వాత మాట్లాడిన మొదటి మాట అదే. చెప్పి, నుదురు బల్లకు ఆనించి ఉండిపోయాడు.

లైను తెగిందేమోనని ఆమె తెర చూసింది. తెగలేదు.

"వేళ్ళు అతుక్కున్నాయిలే" అంది వదిన. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఒకటి కొంచెం వంకరగా. మీరిద్దరూ నాకు క్షమాపణ చెబుతుంటే వినలేకపోతున్నాను. నాన్నా, తల ఎత్తు. ఎత్తి ఉండవు, నాకు తెలుసు."

ఆయన తల ఎత్తాడు.

"ఆ రోజు పొద్దుటినుంచీ నువ్వు నన్ను ఎన్ని అడిగావు? ఏ షాపు, ఏ వీధి, ఎవరింట్లో దిగుతావు, ఓనరు ఎలాంటివాడు. ఒక్కదానికీ నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. బస్టాండులో ఇంకో నిమిషం ఉంటే దొరికిపోయేదాన్ని. అప్పుడు వేళ్ళు విరిగాయి. ఆస్పత్రిలో నువ్వు తలొంచుకుని కూర్చున్నావు, ఇక ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగే మొహం లేదనుకున్నావు. నేను అది చూసి, ఆ కట్టు చాటున బస్సెక్కేశాను. ఫోను చెయ్యంది కూడా కోపంతో కాదు. మీరు బాధపడుతున్నన్నాళ్ళూ నన్నేమీ అడగరని. మీ బాధ నాకు సౌకర్యంగా ఉండింది నాన్నా. ఇంతకంటే సిగ్గుమాలిన మాట నేనెప్పుడూ చెప్పలేదు."

చేతులమ్మాయి మామయ్య వైపు చూసింది. ఆయన మళ్ళీ ఆ నలిగిన కప్పునే తిప్పుతున్నాడు. అందుకని ఆమే అడిగింది, మరి షాపులో పని ఎలా ఉంది వదినా అని. అంతకంటే ఏం అడగాలో తోచలేదు.

"ఇక్కడ కళ్ళజోళ్ళ షాపేదీ లేదు" అంది వదిన.

అంతలో ఆమె వెనక ఎక్కడో తలుపు కిర్రుమంది. మధ్యాహ్నం నిద్ర లేచిన చిన్నపిల్ల గొంతు ఒకటి, బద్ధకంగా, రోజూ అడిగే చనువుతో పిలిచింది.

"అమ్మా, నీళ్ళు."

వదిన ఫోనును అరచేత్తో మూసినట్టుంది, అంతా మసకగా వినపడింది. మామయ్య ఎడంచేత్తో బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన కూతురికి పిల్లలు లేరు. అసలు పెళ్ళే కాలేదు.